ఆపా ఒలిచిన గింజలు

ఆపా చనిపోయిందని మా ల్యాబ్ డ్రైవర్ చెప్పినప్పుడు నేను టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. వానలు పడకముందే పోయిందట. గుండె నొప్పి అందట, బోధన్‌లో ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. అప్పటికి మూడు నెలలు దాటింది. నాకెవరూ చెప్పలేదు. చెప్పి పంపేంత దగ్గరిదాన్ని కూడా కాదు.

"పాపం, మంచి మనిషి మేడం" అన్నాడు డ్రైవర్.

"అవును, పాపం" అన్నాను. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే లోపల మరో మాట మెదిలింది. ఇక ఆ సంగతి తెలిసినవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు. ఆ మాట వెంట వచ్చిన ఊరటను చూసి నాకే భయం వేసింది. తీసిన డబ్బా మూత మళ్లీ పెట్టేశాను.

ఆమె మీద నాకున్నది అసూయ. దానికి పోటీ అనీ, పట్టుదల అనీ మర్యాదైన పేర్లు పెట్టుకోవచ్చు. ఎనిమిదేళ్లు అలాగే పెట్టుకున్నాను కూడా. ఇవాళ పెట్టుకోను. అది అచ్చమైన కడుపుమంట.

మా ల్యాబ్ నిజామాబాద్ ఊరి చివర ఉంటుంది. విత్తనాల కంపెనీది. సోయా మొక్కలోకి బయటి నుంచి ఒక కొత్త గుణాన్ని ఎక్కించడం మా పని. ఆ గుణాన్ని మోసుకెళ్లడానికి ఒక రకం బాక్టీరియాను వాడతాం. అయితే దానికంటే ముందు వేరే ఏ సూక్ష్మజీవీ తగలని శుభ్రమైన మొలకలు కావాలి. గింజలను ఒక రాత్రంతా క్లోరిన్ వాయువులో ఉంచి, తెల్లారి గాలిని వడపోసే పెట్టెలో చేతులు పెట్టి, ఒక్కొక్క గింజనూ సీసాలోని జెల్లీ మీద నాటాలి. ఆ పెట్టెను మేము హుడ్ అంటాం. జెల్లీలో చక్కెర ఉంటుంది. మొలకకు ఎంత ఇష్టమో బూజుకూ అది అంతే ఇష్టం. ఒక్క గింజ మీద కంటికి కనపడని బూజు మిగిలినా మూడో రోజుకల్లా సీసా నిండా దూది పరుచుకుంటుంది. ఆ సీసాను పారేయడమే, ఇంకేం చేయలేం.

నేను ఎమ్మెస్సీ చదివి, బంగారు పతకం తీసుకుని అక్కడ చేరాను. నా సీసాల్లో దూది పండేది.

ఆపా అక్కడ సీసాలు కడిగే మనిషిగా చేరింది. నలభై అయిదేళ్లుంటాయేమో. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేది. ఉర్దూ మీడియంలో ఇంటర్ దాకా చదివింది. భర్తది దర్జీ పని, రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఆ మిషన్ చప్పుడు తగ్గిపోయింది. ఒకసారి హుడ్‌లో పని చేసే అమ్మాయి సెలవు పెడితే, ల్యాబ్ నడిపే మా సార్ ఊరికే, ఆ ఒక్క వారానికి, ఆపాను కూర్చోబెట్టాడు. ఆ వారం ఆమె నాటిన సీసాల్లో ఒక్కటి తప్ప అన్నీ అద్దాల్లా ఉన్నాయి. సెలవు మీద పోయిన అమ్మాయికి తిరిగొచ్చాక వేరే పని చూపించారు.

అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనేవాళ్లు. మా సార్ కూడా. నేను మాత్రం "ఏమమ్మా" అనేదాన్ని. పనిమనిషిని పిలిచినట్టే పిలిచేదాన్ని, కావాలనే.

ఆమె మాటకారి. బస్సులో ఎవరు ఎవరితో ఎందుకు తగాదా పడ్డారో, బోధన్‌లో ఏ వీధిలో ఎవరి పెళ్లిలో బిర్యానీ చప్పగా ఉందో, చేతిలో ఉన్న సీసా తళతళలాడేదాకా చెబుతూనే ఉండేది. కానీ హుడ్ ముందు కూర్చుంటే నోరు కుట్టేసుకున్నట్టే. మాట్లాడితే నోటి గాలి గింజ మీద పడుతుందని నేనే చెప్పాను ఒకసారి. చెప్పిన నేను మరిచిపోయి మాట్లాడేదాన్ని. ఆమె మరవలేదు. రెండు గంటలు ఉగ్గబట్టుకుని, లేచిన మరుక్షణం అంతా ఒక్కసారి కుమ్మరించేది. కూర్చునే ముందు చేతుల గాజులన్నీ తీసి గోడకున్న కొక్కేనికి తగిలించేది. పనయ్యాక మళ్లీ తొడుక్కునేటప్పుడు ఆ చప్పుడు కారిడార్ చివరిదాకా వినబడేది. ఆ చప్పుడు వినగానే నాకు ఒళ్లు మండేది. ఇంకో ట్రే పూర్తయిందన్న మాట, అందులో ఒక్కటీ పాడు కాదన్న మాట.

ఆమెకు తొందర లేదు. నేను గంటలో నాటే గింజలకు ఆమెకు రెండు గంటలు పట్టేది. ఒకసారి నేను చిరాకు పడితే నవ్వింది.

"జల్దీ జేస్తే బూజును దావత్‌కు పిల్సినట్టే మేడం" అంది.

పొద్దున్నే రాగానే ఆమె ట్రేను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని ఒక్కొక్క సీసా తిప్పి చూసేది. నేనూ ఆమె ట్రేనే చూసేదాన్ని, నాది తర్వాత. నాది చూసుకోవడానికి ధైర్యం కావాలి. ఒకరోజు ఆమె సీసాల్లో మూడింటికి బూజు పట్టింది. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానంటే, సాయంత్రం ఇంటికి పోతూ బండి మీద మిర్చీలు రెండు ప్లేట్లు తిన్నాను. అంతటి కారం కూడా తీయగా అనిపించింది. మర్నాడు ఆమె ఆ మూడు సీసాలనూ ముందు పెట్టుకుని, ఎక్కడ తప్పు జరిగిందో వెతుకుతూ పూట గడిపింది. నేను నా పాడైన సీసాలను ఎన్నడూ అలా ముందు పెట్టుకుని కూర్చోలేదు. గబగబా పారబోసి కడగమని ఆమెకే ఇచ్చేదాన్ని.

"ఆపా చెయ్యి మంచిది" అనేవాళ్లు ల్యాబ్‌లో. నాకు ఆ మాట వింటే గొంతు దాకా మంట. చెయ్యి మంచిదైతే నా చదువు దేనికి? నేను హుడ్ వడపోత మార్పించాను. స్పిరిట్ మార్చాను. తలకు రెండు టోపీలు పెట్టుకున్నాను. గదిలో ఫ్యాన్ ఆపించి చెమటలో తడిశాను. చివరికి నా చెయ్యే చెడ్డదేమోనని శుక్రవారం తలస్నానం చేసి వచ్చి నాటాను. సైన్సు చదివిన మనిషిని. బూజు మాత్రం మారలేదు.

అప్పుడే సార్ అందరినీ పిలిచి చెప్పాడు. ఇప్పుడున్న ప్రాజెక్టు నెలాఖరుకు ముగుస్తుంది. కొత్త ప్రాజెక్టులో టెక్నీషియన్ పోస్టు ఒక్కటే. "బూజు సమస్య ఎవరు తేలిస్తే వాళ్లది ఆ పోస్టు. చదువు సంగతి నేను మాట్లాడుకుంటాను, నాకు పని కావాలి" అన్నాడు. ఆ చివరి మాట అనేటప్పుడు ఆపా వైపు చూశాడు. ఆ చూడటం నేను చూశాను.

నాకు ఆ పోస్టు రాకపోతే జక్రాన్‌పల్లి తిరిగిపోవాలి. అక్కడ మా బాపు పసుపు పండిస్తాడు. "వచ్చి పసుపు ఉడకబెట్టు, గోల్డ్ మెడల్ మెడల ఏసుకొని" అని ఫోన్‌లో నవ్వేవాడు. ఆయనది నవ్వే, నాకు మాత్రం ఏడుపు. ఆపాకు ఆ పోస్టు రాకపోతే నెలాఖరు నుంచి బోధన్ బస్సు ఎక్కే పని ఉండదు. దర్జీ మిషన్ ఎలాగూ మూగబోయింది. ఇద్దరికీ అదొక్కటే దారి.

ఆ వారంలోనే ఆమె నన్ను పిలిచింది.

"మేడం, జర గిట్ల రాండ్రి. మీ సీసలు జూస్తె నాకు బాధయితుంది" అంది.

ఆ మాటకు నా ఒళ్లు భగ్గుమంది. అయినా వెళ్లాను. బల్ల మీద రెండు గుప్పెళ్లు గింజలున్నాయి, ఒకటి కంపెనీ స్టోరు డబ్బాలోది, ఇంకొకటి రుమాలులో కట్టి తెచ్చింది. భూతద్దం నా చేతికిచ్చింది.

"గీ డబ్బల గింజను సూడుండ్రి. వెంట్రుకంత పగులు కనవడుతుందా?"

కనబడింది. తోలు మీద, మొలక వచ్చే చోటికి దగ్గరగా, సన్నని గీత. ఇంకో గింజ తీశాను, దాని మీదా ఉంది.

"మిషన్ల ఏసి కొట్టిన గింజ గది. కాయలకెళ్లి ఊకె రాదు గద, దెబ్బలు తిని వస్తది. తోలు పగుల్తది. ఆ సందుల బూజు దూరి కూసుంటది. మీరు బయట ఎంత గ్యాస్ పెడితే ఏంది, లోపల్ది లోపల్నే ఉండె. గ్యాస్ ఎక్కువ పెడితే అదే సందులకెళ్లి పోయి మొలకను సంపుతది."

రుమాలులో గింజలు చూశాను. గీత లేదు. అదే రకం సోయా. ఎడపల్లి దగ్గర లింగన్న అనే రైతు పొలంలోది. బస్సు ఆపించుకుని దిగి, ఎండిన కాయలు కోసుకుని, ఇంట్లో చేత్తో ఒలిచి, ఒక్కొక్కటీ చూసి ఏరి తెచ్చేదట. అదీ ఆ మంచి చెయ్యి.

"నీకెట్ల తెలిసింది?" అన్నాను.

"మా అబ్బా కలాయి పూసేటోడు మేడం. గిన్నె మెరుస్తున్నదని మీద పూస్తే నిలువది. సందుల మసి ఉంటె రెండు దినాలకే పూత లేస్తది. అందుకని ముందుగాల గిన్నెను ఎండకు వట్టి, వేలితోని మొత్తం తడిమి జూస్తుండె. కండ్లకు సాఫ్ గున్నది సాఫ్ కాదనెటోడు. గా మూడు సీసలు ఖరాబయినయి గద, అయి ఒలిచిన గింజలు సాలక డబ్బల గింజలు ఏసినయి. నా అనుమానం నిజమేనని అప్పుడు సమజయింది నాకు."

నేను మిర్చీలు తిన్న రోజు ఆమె నేర్చుకున్న పాఠం అది. రుమాలు మూట నా చేతిలో పెట్టింది. "తీస్కోండ్రి, మీరు కూడ ఏసి సూడుండ్రి" అంది. పోస్టు సంగతి ఆమెకు తెలియక కాదు. సార్ చెప్పినప్పుడు నా పక్కనే నిలబడింది. అయినా ఇచ్చింది. ఇచ్చే మనిషిని చూస్తే నాకు ఇంకా మండింది.

ఆ గింజలు నాటాను. నాలుగో రోజు నా ట్రేలో ఒక్క సీసాకు కూడా బూజు లేదు. మొలకలు పచ్చగా తలలెత్తి నిలబడ్డాయి. సార్ వచ్చి ట్రే ఎత్తి చూశాడు. ఆపా ఆ గదిలోనే, సింకు దగ్గర, సీసాలు కడుగుతోంది.

"ఏం మార్చావమ్మా?" అన్నాడు సార్.

నా నోటి నుంచి వచ్చిన మాట నేను ముందుగా అనుకున్నది కాదు. అలా అని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమేనేమో.

"క్లోరిన్‌లో ఉంచే సమయం పెంచాను సార్."

నీళ్ల చప్పుడు ఆగింది. సార్ భుజం తట్టి, "రాసి పెట్టు, అందరూ అదే పద్ధతి పాటించాలి" అని వెళ్లిపోయాడు. ఆపా చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మేడం, గ్యాస్ టైం కాదు గద, గింజ గద. మర్సిపోయినట్టున్నరు. సార్‌కు చెప్పుండ్రి" అంది. కోపం లేదు గొంతులో. మరిచిపోయానని నిజంగానే అనుకుందో, నాకు తిరిగి వచ్చే దారి ఒకటి తెరిచి పెట్టిందో నాకు తెలియదు.

"చెప్తా ఆపా" అన్నాను.

ఆమెను ఆపా అని పిలవడం అదే మొదటిసారి.

చెప్పలేదు. ఆ సాయంత్రం పద్ధతి అంతా కంప్యూటర్‌లో రాశాను. గింజల గురించి ఒక్క ముక్క లేదు. కింద నా పేరు. ప్రింటు తీసి గోడకు అంటించారు. నెలాఖరున ఆపా చివరి ట్రే నాటి, గాజులు తొడుక్కుని, నా బల్ల దగ్గర ఆగింది.

"చెప్పిన్రా మేడం?"

"చెప్పిన."

నా మొహంలోకి చూసింది. గోడ మీద కాగితం వైపు చూసింది. ఇంగ్లీషు చదవడం ఆమెకు మెల్లగా అయినా వచ్చు.

"అచ్ఛా" అంది. అంతే. వెళ్లి బస్సు ఎక్కింది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు.

పోస్టు నాకొచ్చింది. దాంతో పాటు శిక్ష కూడా వచ్చింది, అది నేను ఊహించనిది. నా కాగితం చూసి వేరే ప్రాజెక్టులవాళ్లు స్టోరు గింజలను ఎక్కువ సేపు గ్యాస్‌లో పెడితే సగం గింజలు మొలవనే లేదు, మొలిచినవాటికి బూజు. "నీ చేతిలో బాగానే వస్తుంది కదా" అన్నాడు సార్. రావాలి మరి. అబద్ధం నిజమని నిలబెట్టాలంటే గింజలు నేనే తేవాలి. ప్రతి ఏడాదీ దసరా దాటాక ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా బోధన్ బస్సెక్కేదాన్ని. ఎడపల్లిలో దిగి లింగన్న పొలానికి నడిచేదాన్ని. కాయలు కోసుకుని వచ్చి, తలుపు వేసుకుని వంటింట్లో ఒలిచేదాన్ని. గోళ్ల సందులు పచ్చిపుండ్లు అయ్యేవి. నన్ను చూడటానికి ఊరి నుంచి వచ్చే మా అమ్మ పక్కన నిలబడి, "చేటెడు గింజలు ఒలుస్తున్నవు, వండవు, పెట్టవు. ఏం పని పెట్టుకున్నవే?" అనేది. ఒలిచినవి బ్యాగులో దాచుకుని ల్యాబ్‌కు తీసుకుపోయి, ఎవరూ లేనప్పుడు నేనొక్కదాన్నే వాడే స్టోరు డబ్బాలో పోసేదాన్ని. ఆపా చేసిన పనే నేనూ చేశాను, ఎవరూ అడగలేదు గానీ ఆమె దాచకుండా చేసింది, నేను దొంగలా చేశాను. ఒలుస్తున్నంత సేపూ ఆమెనే తిట్టుకునేదాన్ని. గంటకు ఎన్ని ఒలిచేదో, వేళ్లు నొప్పి పుట్టేవో లేదో, కబుర్లు చెబుతూ ఒలిచేదేమో అని. అందులో కూడా ఆమెతో పోటీ.

లింగన్న మాత్రం నాకు మర్యాద ఇచ్చేవాడు. నేను వెళ్లేసరికి చేనంతా హార్వెస్టర్ కోసేసి ఉండేది, కాలువ గట్టు వైపు మూడు సాళ్లు తప్ప. ఆ సాళ్ల చివర కర్రలు పాతి గుడ్డ పేలికలు కట్టి ఉండేవి, మిషన్ నడిపేవాడు అటు రాకుండా. "మీ కోసమే ఇడిసిన మేడం" అని చాయ్ ఇప్పించేవాడు. నేను ఎవరి మొహమూ చూడలేని మనిషిని, ఆ ఒక్క చోట మాత్రం తలెత్తుకుని తిరిగేదాన్ని. ల్యాబ్ మేడమని ఆయనకు గౌరవం. ఆపాకు ఎవరైనా మూడు సాళ్లు వదిలారా? లేదు కదా, తనే బతిమాలి కోసుకునేది. ఆ తృప్తి ఉండేది నాకు.

డ్రైవర్ ఆ మాట చెప్పిన తర్వాత నెల రోజులకు, ఈ అక్టోబర్‌లో వెళ్లాను. చేను మొత్తం నున్నగా ఉంది. గట్టు దాకా కోసేశారు. సాళ్లూ లేవు, పేలికలూ లేవు. లింగన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈసారి సాళ్లు ఇడువలేదా లింగన్నా?" అన్నాను. గొంతులో కాస్త నిష్ఠూరం కూడా పెట్టాను.

"పేలికలు కట్టేటోళ్లు ఏరి మేడం? ఆపా పాయె గద" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు.

"ఏటేటా కాయ ఎండంగనె వచ్చి ఆమెనే కడుతుండె. బోధన్ నుంచి తెచ్చుకునేది, దర్జీ కొట్టు పేలికలు. మిషనోనితోని కొట్లాడి మరీ ఆ మూడు సాళ్లు ఇడిపిస్తుండె. నీకు గింత కష్టం ఎందుకని నేను అడిగితే, ఆ మేడం తప్పకుంట వస్తది, నిన్ను అడిగే మొఖం ఉండది, అడగకముందే ఇచ్చెయ్ అన్నది."

"ఎందుకో చెప్పిందా?"

"అంత చెప్పింది. ఎప్పుడో చెప్పింది. చెప్పుకుంట నవ్వింది గూడ." లింగన్న నవ్వలేదు. "కానీ మొదటేడు మాత్రం జర ఏడ్చింది మేడం. ఆ నౌకరి మీద మస్తు ఆశ పెట్టుకున్నదట."

ఎనిమిదేళ్లు నేను ఆయన ఇచ్చిన చాయ్ తాగాను. ఎనిమిదేళ్లూ ఆయనకు అంతా తెలుసు.

గట్టు మీద నిలబడి ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. వచ్చింది ఏడుపు కాదు, మళ్లీ అదే మంట. నన్ను తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. సార్‌కు చెప్పి నా ఉద్యోగం ఊడగొట్టి ఉంటే ఇద్దరం సమానం అయ్యేవాళ్లం. ఏడాదికోసారి చార్జీలు పెట్టుకుని వచ్చి, నా అబద్ధానికి పేలికలు కట్టి పోయింది. అంత పెద్ద మనసు ఆమెకు ఎక్కడిది, నాకెందుకు లేదు?

"వచ్చేయేడు సంగతేంది మరి?" అన్నాడు లింగన్న. "సాళ్లు ఇడువాల్నా, వద్దా? ఇడువాలంటే ఎందుకో మిషనోనికి చెప్పాలె. మా పిల్లలకు చెప్పాలె. ఇగ దాపరికం నాతోని కాదు మేడం."

ఖాళీ సంచీతో తిరిగి వచ్చాను. సోమవారం నేరుగా సార్ గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎనిమిదేళ్లు ఎన్ని గింజలు పారబోశామమ్మా" అని మాత్రం అన్నాడు. కాగితం సరిచేసి పట్టుకురమ్మన్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గ్యాస్ సమయం పాతదానికి దించాను. పైన మొదటి మెట్టుగా రాశాను: మిషన్ తాకని కాయలను చేత్తో ఒలవాలి, ప్రతి గింజనూ భూతద్దంతో చూడాలి, పగులున్నది తీసేయాలి. మూడు ముక్కలు. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తర్వాత కిందికి వచ్చాను, పద్ధతి రూపొందించినవారు అన్న చోటికి. అక్కడ నా పేరుంది. తీసేసి ఆమె పేరు రాశాను. ఆపా అని కాదు, పూర్తి పేరు. ఆ పేరొక్కటే ఉన్న కాగితాన్ని కాసేపు చూశాను. చూడలేకపోయాను. నా పేరు మళ్లీ చేర్చాను, ఆమె పేరు కింద. అదీ చూడలేకపోయాను.

ఇప్పుడు గోడ మీదున్న కాగితంలో రెండు పేర్లున్నాయి. పైది నాదే.